తోడు దగ్గర ఆగిన చెంచా

"పెరుగు మళ్లీ పులిసిపోయింది," అంటూ భార్గవ్ గిన్నె అవతలికి నెట్టాడు.

"పులుపేం లేదు. నీ నాలుకకే ఏదో అయింది," అంది వాళ్లమ్మ.

కాకినాడలో ఇప్పుడు పాలు కాచడం, తోడు పెట్టడం అన్నీ ఎక్కడో క్లౌడులో ఉండే చిన్న చిన్న ప్రోగ్రాములే చూసుకుంటున్నాయి. వేళకు మేలుకుని, వంటింట్లో అమర్చిన స్టీలు చేతిని ఆడించి, పని ముగించి మాయమవుతాయి. ఈ ఇంట్లో తోడు పెట్టే ప్రోగ్రాము మాత్రం భార్గవ్ భార్య నీరజ సొంతంగా రాసుకున్నది.

"రేపూ ఇంతే అయితే నీది తీసేసి కంపెనీ వాళ్లది పెట్టించేస్తా," అన్నాడు భార్గవ్. ఆ మాట నీరజకు గుచ్చుకుంది.

సాయంత్రం ఆమె ముందు గదిలో కంప్యూటరులో ఆదేశాలిచ్చే నల్లతెర తెరిచి, అడుగడుగునా ఆగి చూపించమని ప్రోగ్రాముకు ఆదేశం టైపు చేసింది. పాలు గోరువెచ్చగా ఉన్నాయి. తోడు వేసే అడుగు దగ్గర స్టీలు చెయ్యి చెంచాతో సహా గాల్లో ఆగడం తెర మీద కనిపించింది. గిన్నెలో ఏముందని అడిగితే, "తోడు వేసిన పాలు" అని తెర మీద వచ్చింది. చెంచా ఇంకా వంగనేలేదు.

నీరజ వంటింట్లోకి తొంగి చూసింది. అత్తగారు తన చెంచాను కొంగుతో తుడుచుకుంటోంది.

"రోజూ దానికంటే ముందే మీరూ తోడు వేస్తున్నారా అత్తయ్యా?"

"ఆ ఇనప చేతిని నమ్మి ఎలా పడుకోమంటావే?"

రాత్రి భోజనాల దగ్గర నీరజ అందరికీ వడ్డించి చెప్పింది. "ఏవండీ, కంపెనీది అక్కర్లేదు. నేను రాసినదాంట్లో ఒక అడుగు ఎక్కువైంది, తీసేశాను. ఇకనుంచి అది పాలు గోరువెచ్చగా చేసి అత్తయ్యను పిలుస్తుంది. తోడు ఆవిడే వేస్తారు."

"ముందు దానికి మర్యాదగా పిలవడం నేర్పు," అంది అత్తగారు.