జాబితాలో లేని మాట

బ్రెంట్ పెళ్ళానికి నొప్పులు మొదలయ్యాయి. ఆ సంగతి ఆఫీసులో బ్రెంట్‌కి తప్ప అందరికీ తెలుసు.

అందర్లోకీ ఎక్కువ కంగారు డార్సీది. కెనడాలో వాళ్ళుండే సాస్కటూన్ ఊళ్ళో ఆ పొద్దున మంచు తుఫాను. ఆంబులెన్స్‌కి ఫోన్ చేస్తే, రోడ్లన్నీ మూసుకుపోయాయి, గట్టి బండి ఉంటే మీరే తీసుకొచ్చెయ్యండి అన్నారు. గట్టి బండి ఆఫీసులో ఒక్కడికే ఉంది. వాడే బ్రెంట్. తాళాలు వాడి జేబులో ఉన్నాయి. వాడేమో గోడకి అవతల ఉన్నాడు.

అవతలంటే మహా అయితే ఆరడుగులు. కానీ గార్త్ ఆఫీసులో ఆ ఆరడుగులు దాటడం ఎవడి తరమూ కాదు.

గార్త్ ఓనరు. గోధుమ గోదాముల వాళ్ళకి కంప్యూటర్‌లో వాడుకునే అప్లికేషన్ తయారుచేసి అమ్ముతాడు. వెబ్ పేజీలు కట్టే సామానుతోనే కట్టింది అది. అందులో మనకి కనపడే కిటికీ ఒక భాగం, ఫైళ్ళని ముట్టుకునే వెనక గది ఇంకో భాగం. రెండూ నేరుగా మాట్లాడుకోకూడదు. మధ్యలో ఒక వారధి ఉంటుంది. జాబితాలో ఉన్న మాటలే అది అటూ ఇటూ మోస్తుంది. బయటి దొంగ కిటికీలోకి దూరినా, వెనక్కి పోలేడన్నమాట.

బాగానే ఉంది. మనుషుల్ని కూడా అలాగే కూర్చోబెడితే ఇంకా క్షేమమని గార్త్‌కి ఏ ముహూర్తాన తోచిందో! నడి ఆఫీసులో గోడ కట్టించి, మాట దాటకుండా దాన్నిండా దూది కుక్కించాడు. అవతల బ్రెంట్ ఒక్కడే, ఫోను కూడా లేకుండా. తలుపు లోపల్నించే తెరుచుకుంటుంది. గోడకి ఓ కన్నం, కన్నానికి నదీన్ గొంతు వింటేనే తెరుచుకునే రేకు మూత. పక్కన స్టూలేసి నదీన్‌ని వారధిగా కూర్చోబెట్టాడు.

ఆమెకి అప్పజెప్పిన మాటలు నాలుగు. తెరువు, దాచు, అచ్చు వెయ్యి, మూసెయ్. వెనకాల వివరం తగిలించొచ్చు గానీ, అది ఫైళ్ళ గురించే అయ్యుండాలి. జవాబు మాత్రం ఎంతైనా మోయొచ్చు. సొంతంగా ఒక్క ముక్క మాట్లాడకూడదు. ఆమెకి ముందున్న వారధి “గుడ్ మార్నింగ్” అన్నాడని మధ్యాహ్నానికల్లా ఇంటికి పంపేశారు.

డార్సీ కన్నం దగ్గరికి పరిగెత్తాడు. “సందేశం. వెనక గదికి. నీ పెళ్ళానికి నొప్పులు, త్వరగా రా!”

“జాబితాలో లేదు,” అంది నదీన్. ఆ ఒక్క మాట అనే హక్కు ఆమెకుంది.

“ప్రాణం మీదికొస్తే ఇంకా జాబితా ఏంటి తల్లీ!”

“జాబితాలో లేదు,” అంది మళ్ళీ, కన్నం గట్టు గట్టిగా పట్టుకుని.

డార్సీ గార్త్‌కి ఫోన్ చేశాడు. “కొత్త మాట చేర్చాలంటే దరఖాస్తు పెట్టు. వచ్చే వారం చూస్తా,” అన్నాడాయన.

“ఈలోగా పుట్టిన బిడ్డకి పేరు కూడా పెట్టేస్తారు సార్!”

“పేరుకి వేరే దరఖాస్తు పెట్టాలి.”

డార్సీ గోడ మీద దబదబా బాదాడు. హీటర్ పైపు కొట్టుకుంటోంది అనుకున్నాడో ఏమో, బ్రెంట్ కూడా అవతల్నించి రెండు బాదాడు.

అక్కౌంట్లు చూసే పెద్దావిడ డోరీన్ ఆసుపత్రి నర్సుతో ఫోన్లో ఉంది. “నొప్పులు దగ్గర పడుతున్నాయి నాయనా. ఉన్న నాలుగు మాటలతోనే ఏదో ఒకటి చెప్పి చావు!” అని కేకేసింది.

డార్సీ మళ్ళీ కన్నం వైపు తిరిగాడు. “తెరువు. కొత్త ఫైలు వస్తోంది. సైజు ఏడు పౌండ్లు.”

నదీన్ కన్నంలోకి వంగి అప్పజెప్పింది. జవాబు తెచ్చింది. “ఫైళ్ళకి పౌండ్లేంట్రా, పొద్దున్నే తాగొచ్చావా, అంటున్నాడు.”

“తెరువు. ఫైలు ఇవాళే వచ్చేస్తోంది. అర్జెంట్!”

“గడువు నెలాఖరు కదా, ఇవాళెందుకొస్తుంది, అంటున్నాడు.”

“తెరువు. ఫైలు సొంతదారు నువ్వే!”

ఈసారి జవాబు ఆలస్యమైంది. నదీన్ మొహం జేవురించింది. ఒక్కో మాటా పళ్ళ మధ్య నుంచి బయటికొచ్చింది. “అది నాది కాదు. నాకేం సంబంధం లేదు. ఎవడు చేశాడో వాణ్ణే అడగండి, అంటున్నాడు.”

“ఓరి వీడి నోరు పడిపోనూ! ఎంత మాటన్నాడు!” అని డోరీన్ బుగ్గలు నొక్కుకుంది.

“నదీన్, గొంతు అదోలా ఉందేం, జలుబా, అని కూడా అంటున్నాడు,” అంది నదీన్.

డార్సీకి తిక్క రేగింది. మిగతా మాటల్లో పనికొచ్చేది ఒక్కటే. వెనకాల వివరం లేకుండా అది అంటే ఆఫీసంతా మూత. అందరూ కుర్చీలు వదిలి బయటికి రావాల్సిందే. గార్త్‌ని అడక్కుండా ఆ మాట అన్నవాడు మర్నాటి నుంచి రానక్కర్లేదు. డార్సీకి ఈ ఊళ్ళో ఇంకో ఉద్యోగం దొరకడం కష్టం. ఆ సంగతి వాడికీ తెలుసు, భయం కూడా వేసింది.

“పోతే పోయింది వెధవ ఉద్యోగం,” అనుకుని, “మూసెయ్!” అని అరిచాడు.

నదీన్ ఆ మాటని అవతలికి ఎంత మనస్ఫూర్తిగా చేరవేసిందంటే, బల్లల మీద కాఫీ కప్పులు అదిరాయి.

వెనక గది తలుపు తెరుచుకుంది. బ్రెంట్ చిరాగ్గా జాకెట్ తొడుక్కుంటూ వచ్చాడు. “ఎవడ్రా మూసింది? అవతల నా పని సగంలో ఉంది!”

“నీ పెళ్ళానికి నొప్పులొస్తున్నాయిరా దున్నపోతా!” అన్నాడు డార్సీ.

బ్రెంట్ మొహంలో నెత్తురు చుక్క లేదు. “నొప్పులా? ఎప్పట్నించి? మరి నాతో ఒక్కళ్ళూ చెప్పలేదేం?”

ఆఫీసు మూసేశారు కనక ఇక వారధి కాని నదీన్, పొట్ట పట్టుకుని స్టూలు మీంచి లేచి, మొగుడి కాలరు అందుకుని, “బండి తియ్యి” అంది.