సున్నా నంబరు నమూనా

“పార్సెల్ వచ్చిందా యాదగిరీ?”

పొద్దున తొమ్మిదికే హరిచందన గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

“రాలే మేడం. గీ పెద్దమనిషి వచ్చిండు. ఎవర్ని కలుస్తవ్ అంటే మిషన్‌ను కలుస్త అంటుండు” అంటూ వాచ్‌మన్ రిజిస్టర్ చూపించి నవ్వాడు.

బెంచీ మీద ఒక ముసలాయన. ఇస్త్రీ చొక్కా, కాళ్లకు స్లిప్పర్లు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతపెట్టిన చిట్టీ.

“తల ఫోటో తీయాలె బిడ్డా. ఇయ్యాలనే తీయాలె.”

హరిచందనకు చిర్రెత్తింది. పటాన్‌చెరులో ఈ మెదడు పరిశోధన కేంద్రం పెట్టినప్పటి నుంచీ ఇదే తంతట. బోర్డు మీద బొమ్మ చూసి, తలనొప్పి ఉన్నవాళ్లంతా ఎవరో ఒక డాక్టర్ చిట్టీ పట్టుకుని ఉచిత స్కానింగ్‌కు వచ్చేస్తారు.

“ఇది దవాఖాన కాదు పెద్దాయనా. సంగారెడ్డి పోండి, అక్కడ తీస్తారు.”

“జెర చిట్టీ సూడు బిడ్డా...”

“చిట్టీలు అందరూ తెస్తారు” అంటూనే ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఆమె తొందర ఆమెది. సాయంత్రం ఐదింటికి పాత స్కానింగ్ మిషన్ ఆపేస్తారు. లోపలి గ్యాసు వదిలేశాక అది మళ్లీ లేవదు. రెండేళ్లుగా ఆ మిషన్‌లో మూడు వందల నలభై మంది వణుకుడు జబ్బు మనుషుల మెదళ్లకు ఫోటోలు తీశారు. కాజీపల్లి దేవమ్మయితే వణికే చేతులను ఒళ్లో అదిమిపట్టి, ఏడుస్తూనే నలభై నిమిషాలు పడుకుంది.

ఆ ఫోటోలను మిగతా కేంద్రాల ఫోటోలతో కలిపేది ఒక సాఫ్ట్‌వేర్. ఒక్కో మిషన్ ఒక్కోలా చూస్తుంది కాబట్టి, ముందు ఒకే నమూనాను అన్ని మిషన్లలోనూ ఫోటో తీయాలి. దాని పేరే సున్నా నంబరు. అది లేకపోతే సాఫ్ట్‌వేర్ మూడు వందల నలభై మందిలో ఒక్కరినీ గడప తొక్కనివ్వదు. దేశమంతా తిరిగి తిరిగి, ఇన్నాళ్లకు పటాన్‌చెరు వంతు వచ్చింది.

‘సున్నా నంబరు సోమవారం ఉదయం చేరుతుంది’ అని బెంగళూరు ఆఫీసు నుంచి మెయిల్.

హరిచందన ఈ ఉద్యోగంలో చేరి నెల కాలేదు. అంతకుముందు పనిచేసిన చోట నమూనా అంటే నీళ్లు నింపిన ప్లాస్టిక్ బంతి. చెక్కపెట్టెలో కొరియర్‌లో వచ్చేది. ఈ పెట్టె కూడా దారిలో ఎక్కడో ఇరుక్కుపోయి ఉంటుంది.

‘ఒక్క ఫోటోను కూడా చెత్తబుట్టపాలు కానివ్వను’ అనుకుని ఊళ్లో ఉన్న కొరియర్ ఆఫీసులన్నిటికీ ఫోన్ చేసింది. మెయిల్ పంపిన త్రినాథరావు ఫోన్ మాత్రం స్విచాఫ్.

మధ్యాహ్నం చూస్తే ముసలాయన బెంచీ మీదే ఉన్నాడు. మనసు ఆగక చాయ పంపింది.

“తాగుతలేడు మేడం” అన్నాడు యాదగిరి తిరిగొచ్చి. “ఫోటో అయినంకనే తాగుతడంట. ఉంగరం, మొలతాడు గూడ ఇంటికాడనే తీసిపెట్టి వచ్చిండు.”

“ఎవరో బాగానే నేర్పి పంపారు” అంది హరిచందన.

మూడింటికి స్కూటీ తీసి తనే ఇస్నాపూర్ కొరియర్ గోదాముకు వెళ్లింది. పెట్టెలన్నీ ఎత్తి, దింపి, దుమ్ము కొట్టుకుపోయి నాలుగుంబావుకు ఉత్త చేతులతో తిరిగొచ్చింది.

ముసలాయన గేటులోనే అడ్డం నిలబడ్డాడు.

“ఇగ టైం లేదు బిడ్డా. ఇరవై నిమిషాలు సాలు. నేను కదల.”

“నా పరేషాన్ నాకుంది! మీ కాళ్లు మొక్కుతా, పక్కకు జరగండి!”

ఆయన జరిగాడు.

మిషన్ ఆపడానికి వచ్చిన ఇంజనీర్లను బతిమాలి బతిమాలి ఐదుంబావు దాకా ఆపింది. ఆ తర్వాత వాళ్లు ఆగలేదు. కప్పు మీది గొట్టంలోంచి గ్యాసు బుస్సుమని లేచింది.

ఆ చప్పుడు విని ముసలాయన బెంచీ మీంచి లేచాడు. చల్లారిపోయిన చాయ ఒక్క గుక్కలో తాగి, గ్లాసు కడిగి చిట్టీ మీద బోర్లించి వెళ్లిపోయాడు.

హరిచందన వచ్చి ఆ ఖాళీ బెంచీ మీదే కూలబడింది. అప్పుడు వచ్చింది త్రినాథరావు నుంచి ఫోన్.

“సార్, సున్నా నంబరు రాలేదు. మిషన్ పోయింది. మూడు వందల నలభై మందీ పోయారు. ఆ కొరియర్ వాళ్లను నేను వదలను సార్!”

“కొరియరేంటమ్మా? పొద్దున ఏడింటికే ఇస్నాపూర్‌లో బస్సెక్కాడే!”

“ఎక్కాడా?”

“అవునమ్మా. రోజంతా ఢిల్లీ మీటింగులో ఇరుక్కుపోయాను గానీ, లేకపోతే నేనే నీకు ఫోన్ చేసేవాణ్ణి. సొంత ఊరి మిషన్ అని ఎంత సంబరపడ్డాడో! పని అయ్యేదాకా చాయ కూడా ముట్టడు.”

ఆమె గ్లాసు తీసి చిట్టీ విప్పింది. పైన తమ సంస్థ ముద్రే, కింద పెద్ద సున్నా.

“వింటున్నావా అమ్మా? మందుల ఫ్యాక్టరీలో మూటలు మోసి రిటైరైన ఓదెలు, ఆరేళ్లుగా ఊరూరూ తిరిగి పదకొండు మిషన్లలో కదలకుండా పడుకున్నాడు; మన సాఫ్ట్‌వేర్ ఎవరి మెదడును కొలిచినా ఆయన మెదడు పక్కన పెట్టే కొలుస్తుంది.”