బోడిగా ఉండాల్సిన ప్లేటు

ప్లేటు మీద నాలుగే నాలుగు చుక్కలు మొలిచాయి.

ఒక్కో చుక్క ఒక్కో బాక్టీరియా సంతానం. ప్రొఫెసర్ డెల్విన్ ఆ ప్లేటును కిటికీ వెలుగులో పెట్టి మురిసిపోతున్నాడు.

తన ఫ్రిజ్‌లోంచి మాయమైన గొట్టం ఎక్కడికి చేరిందో గుమ్మంలో నిలబడ్డ ఆయన శిష్యురాలు ఒడిల్‌కి అర్థమైంది.

ఆ గొట్టంలో ఉన్నది ఆమె కష్టం. విషపు జన్యువున్న డీఎన్‌ఏ వలయం.

కావలసిన జన్యువును ఆ విషం నడుమ చొప్పిస్తే విషం తెగుతుంది, వలయాన్ని మోసే బాక్టీరియా బతుకుతుంది. ఖాళీ వలయాన్ని మోసింది చస్తుంది. వెతుకులాట ఉండదు. బతికిందే కావలసింది.

ఖాళీ వలయాన్ని పెంచాలంటే మాత్రం విరుగుడున్న బాక్టీరియా కావాలి. దాన్ని ఒడిల్ వేరే ఫ్రీజర్‌లో దాచింది.

డెల్విన్ ఆ ఖాళీ వలయాన్ని మామూలు బాక్టీరియాలో పెంచాడు. సొంతంగా ప్రయోగం చేసి ఏళ్లయింది. నాలుగే మొలిస్తే చేతి అలవాటు తప్పిందనుకున్నాడు.

ఆ నాలుగూ ఎందుకు బతికాయో ఒడిల్‌కి తెలుసు. వాటిలో విషమే చెడిపోయింది.

"ఏమ్మా, అలా చూస్తున్నావ్?"

నిరుడు ఆమె పరిశోధన ఆయన ఒక్కడి పేరుతో అచ్చయింది. అడిగితే, నీకింకా బోలెడు వయసుందిగా అంటూ దాల్చినచెక్క బిస్కెట్ల డబ్బా ముందుకు తోశాడు.

"బాగా వచ్చాయి ప్రొఫెసర్ గారూ," అంది. "వీటినే పెంచండి."

పెంచాడు.

ఈ పద్ధతి హక్కులు కొనడానికి గెంట్ నుంచి కంపెనీవాళ్లు బ్రస్సెల్స్ వచ్చారు. ఇది పూర్తిగా తన బుర్రలో పుట్టిందని డెల్విన్ వాళ్లకు చెప్పాడు. వాళ్ల కళ్లముందే ఖాళీ వలయాన్ని బాక్టీరియాలోకి ఎక్కించి, రేపు ఈ ప్లేటు బోడిగా ఉంటుంది చూడండి అన్నాడు.

మర్నాడు మూత తీశాడు.

ప్లేటు నిండా చుక్కలే. వేలు పెట్టే సందు లేదు.

కంపెనీ తరఫున వచ్చిన మదామ్ స్టర్కెన్స్ కళ్లద్దాలు సవరించుకుంది. ఇవి చావాలి కదా అని అడిగింది.

డెల్విన్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఒక్క నిమిషం అని చెప్పి, గది చివర నిలబడ్డ ఒడిల్ దగ్గరికి వచ్చాడు.

"ఏం తప్పు చేశాను?" గొంతు తగ్గించి అడిగాడు. "నీకు తెలుసు. చెప్పు."

ఒడిల్ స్టూలు లాక్కుని కూర్చుంది.

"అందరికీ వినబడేలా అడగండి, ప్రొఫెసర్ గారూ."