ఖరీఫ్ దాకా

"వాన ఎప్పుడొస్తాది మామూ?"

మే నెలలో ఆ ప్రశ్న అడగనివాళ్లు ప్రొద్దుటూరులో ఉండరు. అబ్దుల్ వాహిద్ వాతావరణ కేంద్రంలో అధికారి. పాలు పోసేవాడి దగ్గర్నుంచి మసీదులో పక్కన నిలబడేవాడి దాకా అందరూ అతన్నే అడుగుతారు. ఓ నవ్వు నవ్వి తప్పించుకుంటాడు.

చెల్లెలి కూతురు ఫరహత్ అడిగితే మాత్రం తప్పించుకోలేడు. ఆమెకు కావలసింది వాన కాదు. మొగుడు.

లింగాల దగ్గర చీనీకాయల తోట ఎండిపోయాక జమాల్ డ్రైవర్ పనని గల్ఫుకు పోయాడు. తీరా దిగాక బండి లేదు, గొర్రెలున్నాయి. ఎడారి నడుమ ఒక గుడారం, ఒక నీళ్ల ట్యాంకు. పాస్‌పోర్టు యజమాని దగ్గర. వడదెబ్బకు ఇప్పటికే రెండుసార్లు పడిపోయాడు. మూడోసారి పడితే లేవడని అతనికీ తెలుసు, పుట్టింట్లో కూచుని ఎదురుచూస్తున్న ఫరహత్‌కూ తెలుసు.

కాళ్లావేళ్లా పడితే యజమాని చివరికి ఒక మాట ఇచ్చాడు. ఖరీఫ్ రానీ, పంపిస్తానన్నాడు.

"ఖరీఫ్ అన్యాడంట మామూ! అచ్చం మన మాటే!" ఆ రోజు ఆఫీసుకొచ్చి చెబుతుంటే ఫరహత్ మొహం వెలిగిపోయింది. "ఆళ్లకూ సేద్యం సంగతి తెలుసు మాదిరుండాది. ఈడ తొలకరి పడతానే వీడియో తీసి పంపమన్యాడు ఈయన. ఆయప్పకు చూపించి పాస్‌పోర్టు అడుగుతాడంట."

అటెండర్ నారాయణ టీ గ్లాసు పెడుతూ, "వాన కోసరం కప్పలకు పెండ్లి చేసేది చూసినా గానీ, వానొచ్చి వీసా కొట్టేది ఇప్పుడే చూస్తాండా" అన్నాడు. ఫరహత్ కూడా నవ్వింది.

అప్పట్నుంచి రోజూ వచ్చేది. వాహిద్ కంప్యూటర్‌లో మన ఆకాశం ఒక పక్క, ఆ ఎడారి ఒక పక్క. అక్కడ దుమ్ము లేచి పగలే చీకటి కమ్మేది.

"ఆడ ఎండ ఎంతుంది మామూ?"

"నలభై ఎనిమిది." ఆమె కళ్లు చూసి వెంటనే అన్నాడు. "భయపడద్దమ్మా. ఆ పక్క ఎడారులు కాలేకొద్దీ గాలి పైకి లేస్తాది. ఆ ఖాళీలోకి సముద్రం మీది తడిగాలి ఉరుకుతాది. ఆడ ఎంత కాలితే ఈడికి వాన అంత బిర్నా, అంత తొందరగా వస్తాది."

అబద్ధం కాదు. అతను చదువుకున్నదే. కానీ ఆ మాటను ఆమె ఎలా పట్టుకుంటుందో ఊహించలేదు.

మర్నాటి నుంచి ఫరహత్ ప్రశ్న మారిపోయింది. "ఇయ్యాల ఇంకా పెరిగిందా?" పెరిగిందంటే మొహం విప్పారేది. నమాజు అయ్యాక దువా కూడా దాని కోసమేనని చెల్లెలు చెప్పింది.

"యాభై దాటల్ల మామూ. దాటితే బిర్నా వచ్చేస్తాడు."

వాహిద్ టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. ఆ యాభై కిందనే ఆమె మొగుడి తల ఉంది.

మే చివర్లో ఓ మధ్యాహ్నం జమ్మలమడుగు వైపు ఆకాశం నల్లబడింది. ఈదురుగాలి రేకులు లేపేసింది. వడగళ్లు పడ్డాయి. ఫరహత్ తడిసి ముద్దై, ఫోన్ పైకెత్తి పట్టుకుని ఆఫీసులోకి పరిగెత్తుకొచ్చింది.

"వచ్చె మామూ! వీడియో తీసినా!"

"ఇది తొలకరి కాదమ్మా. ఎండ ముదిరి పుట్టిన గాలివాన. గంటలో పోతాది. నైరుతి గాలి నిలబడల్ల, మబ్బు పట్టి ఊరంతా కురవల్ల."

"ఆయప్పకు ఇయన్నీ ఏం తెలుసు? పంపిస్తా."

"రేపు ఎండ కాసిందనుకో, మోసమంటాడు. ఇచ్చిన మాట కూడా పోతాది."

"వాన కూడా నీ సంతకం లేంది పడకూడదా మామూ?" ఫరహత్ విసురుగా వీడియో తుడిపేసి వెళ్లిపోయింది.

మర్నాడు ఎండ పేలిపోయింది. ఫరహత్ మళ్లీ వచ్చింది. జమాల్ పంపిన మాటలు ఫోన్‌లో వినిపించింది. అతని గొంతు తడారిపోయింది. నాలుక మందం. "ఖరీఫ్ దాకా ఎట్లో... ఓర్చుకుంటా." మాట ముద్దగా వస్తోందంటే మళ్లీ వడదెబ్బ తగులుతోందని వాహిద్‌కు తెలుసు.

జూన్‌లో ఎడారి యాభై దాటింది. ఆ అంకె చూసి వాహిద్ మనసు మొదటిసారి తేలికపడింది. ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

గాలి తిరిగింది. పులివెందుల కొండల మీదుగా మబ్బు కదిలొచ్చి నిలబడింది. తెల్లవారుజామున మొదలైన వాన తెరిపి ఇవ్వలేదు. వాహిద్ తనే ఫోన్ చేశాడు.

"రామ్మా. ఇదే తొలకరి."

ఆఫీసు ముందర నిలబడి ఫరహత్ వీడియో తీసింది. నారాయణ గొడుగు పట్టింది ఆమెకు కాదు, ఫోనుకు. చివర్లో వాహిద్ ఫోన్ ముందుకొచ్చి, అధికారి గొంతుతో చెప్పాడు. "ఖరీఫ్ వచ్చేసింది జమాల్. ఇంక బయల్దేరు."

జమాల్ చూసినట్టు గుర్తులు పడ్డాయి. జవాబు లేదు. నారాయణ వానలోనే పోయి జాంగ్రీలు తెచ్చాడు. ఎవరూ పొట్లం విప్పలేదు.

సాయంత్రం ఫోన్ మోగింది. వాయిస్ మెసేజ్. ఫరహత్ స్పీకర్ పెట్టింది. గొర్రెల అరుపులు, ఇసుకగాలి హోరు, ఎవరో పగలబడి నవ్వడం. తర్వాత జమాల్.

"ఫరహత్, ఈళ్ల అరబ్బీలో ఖరీఫ్ అంటే తొలకరి కాదంట, ఈ ఎండలన్నీ అయిపోయినాక వచ్చే కాలమంట."