కోపిష్టి చేపకి తోడు

"మూడోదాన్నీ కొరికేసింది! ఇంక ఈ రాక్షసి ఈ ఇంట్లో ఉండటానికి వీల్లేదు," హాల్లోంచి కేకేసింది జానకీదేవి.

మంజూష చేతిలో గరిటెతోనే వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. అద్దాల తొట్టిలో చిన్న నీలం చేప తోక లేకుండా తేలుతోంది. చారల ట్రిగ్గర్ చేప మాత్రం ఏమీ ఎరగనట్టు రాళ్ల మధ్య షికారు చేస్తోంది. పెళ్లయ్యాక మంజూష, తేజ కలిసి కొన్న మొదటి వస్తువు ఆ ఉప్పునీటి తొట్టి. మంచం కూడా ఆ తర్వాతే కొన్నారు.

"ఉంటుందత్తయ్యా. దాని ఇల్లది," అంది మంజూష.

"ఎవరితోనూ కలవనిదానికి ఇల్లెందుకు? సాయంత్రం తేజ ఆఫీసు నుంచి రానీ. తెచ్చిన కొట్లోనే ఇచ్చెయ్యమంటా."

"సాయంత్రానికల్లా దానికి తోడు తెచ్చి చూపిస్తా. కొరికితే నేనే ఇచ్చేస్తా. కొరక్కపోతే మళ్లీ దాని మాటెత్తకూడదు. సరేనా?"

"చూద్దాం," అంటూ జానకీదేవి వంటింట్లోకి వెళ్లి పోపులపెట్టెని పొయ్యికి కుడిపక్కకి జరిపింది. మంజూష వెనకే వెళ్లి ఎడమపక్కకి జరిపింది. ఇక కొడుకు దగ్గరే ఉంటానని ఆవిడ కాకినాడ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆ పెట్టెకి రోజూ ఇదే ప్రయాణం. కాఫీ ఫిల్టరుకీ అంతే. "ఇది నా వంటిల్లత్తయ్యా," అని మంజూష నవ్వుతూనే అంటుంది. నవ్వుతూనే ప్రతి డబ్బానీ మళ్లీ తన చోట పెట్టేస్తుంది.

ఇద్దరూ ఆటోలో పంజాగుట్ట వెళ్లారు. చేపల కొట్టు గులాం మొహియుద్దీన్ వాళ్లని చూడగానే నవ్వాడు.

"మళ్ల వచ్చినవా బేటీ? గీసారి ఎవరు పోయిండ్రు?"

"నీలంది, భాయ్. తప్పు మీదే. అన్నీ చిన్నవే ఇస్తున్నారు."

"నేను వద్దన్న. నువ్వే ముద్దుగున్నదని తీస్కపోయినవ్." ఆయన ఓ పసుప్పచ్చ చేపని చూపించాడు. "గిది తీస్కపో. కుందేలు చేప అంటరు. సైజుల దానంత ఉంటది. ఎవరి జోలికి పోదు. కాని వీపు మీద విషం ముళ్లుంటయ్, దీని జోలికి సుత ఎవ్వరు రారు. తినేది నాచు, ఆకుకూరలే."

"శాకాహారమా!" జానకీదేవి ముందుకొచ్చింది. తన పసుప్పచ్చ చీరకొంగు సర్దుకుని ఆ చేపని ఆప్యాయంగా చూసింది. "ఎంత మర్యాదగా ఉందో చూడు."

"తీసుకెళ్లి నీళ్లలో వదిలేస్తే చాలా భాయ్?"

"అట్ల వదిలితే దీన్ని సుత కొడ్తది. గా చేప చెడ్డది కాదమ్మా. తొట్టి మొత్తం నాదే అనుకుంటది, గంతే. ముందుగాల దాన్ని తీసి బకెట్ల పెట్టు. రాళ్లన్నీ జాగా మార్చు. కొత్తదాన్ని వదిలి జర కుదురుకోనియ్యి. గప్పుడు పాతదాన్ని తెచ్చి వదులు. ఏది యాడున్నదో తెల్వక, అదే కొత్తగ వచ్చిన చుట్టం లెక్క ఉంటది."

"చెడ్డది కాదని నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా," మంజూష అత్తగారి వైపు గర్వంగా చూసింది.

జానకీదేవి ఆ మాట పట్టించుకోలేదు. మొహియుద్దీన్ ఇచ్చిన ఎండునాచు పొట్లాన్ని తన చేతిసంచిలో వేసుకుంటూ, "ఎంతసేపు బయట ఉంచాలండీ?" అని అడిగింది.

"రెండు గంటలు చాలమ్మా."

ఇంటికి రాగానే మంజూష చున్నీ నడుముకి చుట్టింది. ట్రిగ్గర్‌ని వలతో పట్టి తొట్టినీళ్లు పోసిన బకెట్లో వేసింది, గాలి గొట్టం పెట్టింది. రాళ్లన్నీ అటువి ఇటు మార్చింది. కొత్త చేపని వదలగానే అది మెల్లగా ఓ రాతి చాటు చూసుకుంది. "చూడండి, చూడండి! అప్పుడే గది వెతుక్కుంది!" అని మంజూష చప్పట్లు కొట్టింది.

"అవునుగానీ, నాచు పొట్లం ఏదే? కొట్లోనే వదిలేసినట్టున్నాం."

"పాలకూర వేద్దామత్తయ్యా."

"కొత్తగా వచ్చినదాన్ని మొదటిరోజే సర్దుకోమంటావా? వెళ్లి తెచ్చెయ్. బకెట్ నేను చూస్తుంటాగా."

అదీ నిజమేననిపించింది. మంజూష మళ్లీ బయల్దేరింది. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల కుర్రాళ్లు రోడ్డు నిండా ఉన్నారు. పంజాగుట్టలో ఫ్లైఓవర్ కోసం తవ్విన గుంటల మధ్య ఆటో అంగుళం అంగుళం కదిలింది. "ఇయ్యాలనే ఇచ్చిన గద?" అన్నాడు మొహియుద్దీన్. "ఇంకోటివ్వండి భాయ్. ఇవాళ ఓడిపోయేది లేదు," అంది మంజూష.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా బకెట్ ఎత్తి ట్రిగ్గర్‌ని తొట్టిలో వదిలింది. అది తన పాత రాయి కోసం వెళ్లింది. అక్కడ రాయి లేదు. గిర్రున తిరిగి పసుప్పచ్చ చేప మీదికి వెళ్లబోయింది. అది వీపు మీది ముళ్లు ఒక్కసారి నిక్కించింది, అంతే. ట్రిగ్గర్ వెనక్కి తగ్గి ఓ మూల బుద్ధిగా నిలబడింది.

"గెలిచాం! అత్తయ్యా, గెలిచాం!" అని అరుస్తూ మంజూష వంటింట్లోకి పరిగెత్తి, గడపలోనే ఆగిపోయింది.

పొయ్యి కిటికీ పక్కకి చేరింది. డబ్బాలన్నీ అరలు మారాయి. మంజూష లోపలికెళ్లి అలవాటుగా పోపులపెట్టె కోసం ఎడమపక్కకి చెయ్యి చాచింది; చేతికి ఖాళీ గట్టే తగిలింది. గట్టు చివర పొద్దున్న కొన్న నాచు పొట్లం ఉంది.

పసుప్పచ్చ చీరలో జానకీదేవి తాపీగా కాఫీ కలుపుతోంది.

"కంగారుపడకమ్మా," అంటూ పీట చూపించింది. "కొత్త కదా, అలవాటయ్యేదాకా అలా కూర్చో."