ఓహో

"ఓహో! ఓహో!" అన్నాడు దోన్ హసింతో.

నళినికి నవ్వొచ్చింది. మెట్ల మీద వరసగా విడిచిన మట్టి బూట్లను ఆమె పెన్నుతో లెక్కపెడుతోంది. ముసలాయన అచ్చం తెలుగువాడిలా ఆశ్చర్యపోతున్నాడు.

ఆయన నవ్వలేదు. తన కంటి కింద వేలు పెట్టి చూపించాడు. వాళ్ళ స్పానిష్‌లో ఓహో అంటే కన్ను.

"మనుషుల్ని అలా లెక్కపెట్టకూడదు, మీహా. కన్ను పడుతుంది."

నళిని చప్పున పెన్ను దించేసింది. దిష్టి! పంక్తిలో కూర్చున్న పిల్లల్ని లెక్కపెట్టబోతే బామ్మ చేతి మీద ఒక్కటి వేసేది.

"మా ఇళ్ళల్లోనూ అంతే" అంది.

"అయితే మనం చుట్టాలమే."

"సరే, ఈ ఇంట్లో ఎంతమందో మీరే చెప్పండి."

ఆయన గుమ్మంలో ఉన్నామెతో స్పానిష్‌లో రెండు ముక్కలు మాట్లాడి, "నలుగురు" అన్నాడు.

"మరి ఇన్ని బూట్లేమిటి?"

"తోటకి ఒక జత, చర్చికి ఒక జత."

"చర్చి బూట్లకీ స్ట్రాబెర్రీ మట్టేనా?"

"మా దేవుడూ తోటలోనే కూలి చేస్తాడమ్మా."

నళిని నవ్వుతూ నలుగురని రాసుకుంది.

అది 1981. కాలిఫోర్నియాలో స్ట్రాబెర్రీ తోటల మధ్య చిన్న ఊరు. ఐదేళ్ళలో ఆ వీధి నలభై ఇళ్ళూ మెక్సికో కుటుంబాలతో నిండిపోయాయి. ఎంతమంది ఉన్నారో, ఎలా బతుకుతున్నారో తేల్చమని టౌన్ ఆఫీసు సర్వే పెట్టింది. ఆ ఆఫీసులో ఇంజనీరు రామమోహన్ గారు నళినికి ఈ తాత్కాలిక ఉద్యోగం ఇప్పించారు. బాగా చేస్తే పర్మనెంట్.

ఆమె మొదట తలుపు తట్టింది దోన్ హసింతో ఇంటిదే. వీధి చివర బూట్లు కుట్టే మనిషి.

"ఈ కాగితం ఎక్కడికి పోతుంది?" అని అడిగాడాయన ఆ రోజు.

"ఎక్కడికీ పోదు. స్పానిష్ తెలిసిన నర్సు రావాలన్నా, టీచర్ రావాలన్నా ఎంతమంది ఉన్నారో తెలియాలి కదా!"

"నువ్వు మాటిస్తున్నావా?"

"ఇస్తున్నాను."

ఆయన ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. కాఫీ తెప్పించాడు. రెండు గదులు, తొమ్మిది పేర్లు వరసగా చెప్పి సంతకం పెట్టాడు. వెళ్ళేటప్పుడు మీహా అన్నాడు. నా కూతురా అని.

మర్నాటి నుంచీ మూడు వారాలు తనే వెంట ఉండి ప్రతి ఇల్లూ తిప్పాడు. గుమ్మం గుమ్మం దగ్గరా అదే మాట. ఓహో.

ఫారాలు ఇచ్చిన వారానికి రామమోహన్ పిలిచారు.

"ఏంటమ్మా ఇది? స్కూల్ రిజిస్టర్‌లో ఆ వీధి పిల్లలు డెబ్భై మంది. నీ ఫారాల్లో ముప్పై ఒక్కరు!"

"అదెలా అంకుల్?"

"ఎలా ఏముంది? ఆ ముసలాడు నిన్ను ఫూల్ చేశాడు. నేను రికమెండ్ చేశానే నిన్ను! ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

ఉద్యోగం ఆ సాయంత్రంతో సరి.

పోయిన ఉద్యోగం కంటే ఆమెను కాల్చింది మరొకటి. ఆ మూడు వారాలూ ఆమె ఆయన్ని ఇష్టపడింది. అంతకంటే, ఆయన కళ్ళలో కనిపించిన తనను తాను ఇష్టపడింది. అదీ అబద్ధమేనా?

నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళింది.

"కూతురన్నారు నన్ను!"

"కూతురివే" అన్నాడు ఆయన, బూటులోంచి సూది లాగుతూ.

"కూతురితో అబద్ధాలు రాయిస్తారా? నా మాట మీద నమ్మకం లేకపోయిందా?"

"నా నమ్మకం నాది మీహా, ఇవ్వగలను. వీధి వాళ్ళది నేనెలా ఇస్తాను?"

తప్పించుకునే మాట అనిపించింది ఆమెకి.

"మోసగాడివి నువ్వు!"

మీరు కాస్తా నువ్వు అయింది. ఆయన తల ఎత్తలేదు.

రెండు నెలల తర్వాత, ఆ వీధిలో ఒక ఇల్లు ఖాళీ చేయించారని విని రామమోహన్‌కి ఫోన్ చేసింది.

"ఉద్యోగం ఇప్పించినప్పుడు పేర్లు ఎక్కడికీ పోవన్నారు కదా అంకుల్!"

"పేర్లు పోలేదమ్మా, అంకెలే పోయాయి. గదికి ఇద్దరు దాటితే ఇల్లు ఖాళీ చేయించాలని కొత్త రూల్. స్కూల్ లెక్కతో నోటీస్ ఇవ్వలేరు. ఇంటివాళ్ళ సంతకం ఉన్న ఫారం కావాలి."

"అంటే, సర్వే అందుకా?"



"నాకు ముందే తెలిస్తే నిన్ను పంపేవాణ్ణా?" అన్నారాయన. ఆ గొంతు ఆమె నమ్మలేకపోయింది.

"ఎన్ని ఇళ్ళు?"

"ఒక్కటే. మిగతావన్నీ నీ ఫారాల ప్రకారం రూల్‌కి లోబడే ఉన్నాయి."

ఆమె వెళ్ళేసరికి దోన్ హసింతో తలుపుకి తాళం, తాళం మీద నోటీసు. మెట్ల మీద ఒక్క బూటూ లేదు.

"లారీ ఎక్కి ఫ్రెస్నో వైపు పోయారు" అంది పక్కింటామె, వచ్చీరాని ఇంగ్లీషులో. "తొమ్మిది మంది. ఆయన పుణ్యాన మేం మిగిలాం."

"ఆయన పుణ్యానా?"

"నువ్వు లోపలికి రాబోతుంటే మాకు చెప్పేవాడుగా, ఓహో అని."

"ఓహో అంటే దిష్టి కదా?"

"దిష్టీ ఉంది. కానీ ఎవరైనా తెలియక గోతిలో అడుగు పెట్టబోతుంటే కూడా మేం ఓహో అనే అరుస్తాం. జాగ్రత్త అని."

నళిని ఆ నోటీసునే చూస్తూ నిలబడిపోయింది.

ఆ మొదటి రోజు, తన ఇంట్లో కాఫీ ఇచ్చి తొమ్మిది పేర్లూ చెబుతున్నప్పుడు, దోన్ హసింతో ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు.