నాలుక కింద

“నోరు తెరువు. నాలుక పైకెత్తు.”

నర్సు అప్పుడే ఇచ్చిన మాత్ర ఉందేమోనని డాక్టరు చిన్న టార్చి వేసి చూశాడు. నాలుక కింద ఏమీ లేదు. బుగ్గల పక్కనా లేదు.

“నేను మింగుతున్నాను డాక్టర్. ఒట్టు,” అన్నాడతను.

అతను లిఫ్టు మెకానిక్కు. ముప్ఫై ఏళ్ళుంటాయి. పక్క కుర్చీలో వాళ్ళమ్మ, ఒళ్ళో సంచి పెట్టుకుని తల వంచుకుని కూర్చుంది.

డాక్టరు బల్ల మీది కాగితం అతని వైపు తిప్పాడు.

“నీ రక్తపరీక్ష. రెండు నెలలుగా వేసుకుంటున్నానంటున్నావే, ఆ మందు జాడే లేదిందులో. దీనికేమంటావ్?”

అతను కాగితం దగ్గరికి లాక్కున్నాడు.

మూడేళ్ళ క్రితం అతని చెల్లెలు పోయింది. పది రోజుల జ్వరం, అంతే. ఇరవై రెండేళ్ళ పిల్ల. నోరు మూసుకుని ఒక్క నిమిషం కూర్చునేది కాదు. అది పోయిన ఏడాదికి అతనికి దాని గొంతు వినబడటం మొదలైంది. మొదట్లో మామూలు మాటలే. “అన్నయ్యా, అమ్మ తిందా?” “అన్నయ్యా, నా నీలం గొడుగు ఎవరికీ ఇవ్వొద్దని చెప్పు.” అతను జవాబు చెప్తుంటే తోటి మెకానిక్కులు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు.

ఒకరోజు తొమ్మిదో అంతస్తులో, లిఫ్టు గుంత అంచున నిలబడి బోల్టు బిగిస్తుంటే, కింద చీకట్లోంచి పిలిచింది.

“చెయ్యి వదిలెయ్ అన్నయ్యా. నేను పట్టుకుంటాగా.”

వదిలేశాడు. నడుముకి బెల్టు ఉండబట్టి బతికాడు.

ఆసుపత్రిలో నెల రోజులు ఉంచారు. నర్సు ఎదురుగా నిలబడి మాత్ర మింగించేది. పదిహేను రోజులకి గొంతు ఆగిపోయింది. అతనికి ముందు ఏడుపొచ్చింది, తర్వాత నిద్రొచ్చింది. ఆదివారం చూడ్డానికొచ్చిన అమ్మ మంచం అంచున కూర్చుని ఒకటికి రెండుసార్లు అడిగింది.

“అస్సలు వినబడటం లేదా? కొంచెం కూడానా?”

“లేదమ్మా.”

అమ్మ కళ్ళు తుడుచుకుంది. చూస్తున్న నర్సుకీ కళ్ళు చెమర్చాయి.

ఇంటికొచ్చిన మూడు వారాలకి గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి ఒక్క పూట కూడా వదల్లేదు.

“ఇంట్లో మాత్రలు ఎవరిస్తారు?” డాక్టరు అడిగాడు.

“నేనేనండీ,” అంది అమ్మ. “నా చేత్తో ఇస్తాను. నీళ్ళు కూడా నేనే అందిస్తాను.”

“మింగేదాకా ఎదురుగా ఉంటారా?”

“పక్కకి కదలను.”

డాక్టరు పెద్దాయన. మాత్ర దాచేసి తర్వాత ఉమ్మేసేవాళ్ళని, కళ్ళలోకి చూస్తూ అబద్ధమాడేవాళ్ళని ఎందర్నో చూశాడు. కోప్పడలేదు.

“చూడు బాబూ, తప్పు పట్టడానిక్కాదు. నిజం చెప్తేనే నేను ఏమైనా చెయ్యగలను. ఎక్కడ ఉమ్మేస్తున్నావ్?”

“ఉమ్మలేదు డాక్టర్! నాకు బాగవ్వాలనే ఉంది. మొన్న మేడ మీద బట్టలు తీస్తుంటే మళ్ళీ పిలిచింది. పిట్టగోడకి వీపు ఆనించి, చెవులు మూసుకుని కూర్చుండిపోయాను. అమ్మ వచ్చి తీసుకెళ్ళేదాకా లేవలేదు. నేనెందుకు ఉమ్మేస్తాను?”

“మరి రక్తం అబద్ధం చెప్తుందా?”

అతను కాగితం వైపు చూశాడు. అమ్మ వైపు చూశాడు. అమ్మ తలెత్తలేదు. అతను కాగితం వెనక్కి నెట్టాడు.

“అయితే ఉమ్మేస్తున్నానేమో. నాకే తెలియకుండా. లేని మనిషి మాటలు వినబడేవాడికి, తను చేసే పని తనకి తెలియకపోవడం ఓ లెక్కా?”

నర్సు కిటికీ వైపు తిరిగిపోయింది.

“తాళం వేసే వార్డులో పెట్టెయ్యండి డాక్టర్. సంతకం పెడతాను. నన్ను నేనే నమ్మలేకపోతున్నాను.”

డాక్టరు ఫారం తీశాడు. అతను పెన్ను అందుకున్నాడు. అమ్మ లేచి ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“వద్దు డాక్టరుగారూ. నా దగ్గరే ఉండనివ్వండి.”

“పోనీ, నెలకో ఇంజక్షన్ ఇద్దామా?”

“ఇంజక్షన్ వీడి ఒంటికి పడదు. పోయినసారి ఆసుపత్రిలో వేస్తే దవడ బిగుసుకుపోయి నరకం చూశాడు.”

“ప్రాణం మీదికి వస్తుందమ్మా.”

“మేడ తలుపుకి తాళం వేస్తాను. నేను పని మానేసి ఇరవై నాలుగ్గంటలూ కూర్చుంటాను.” ఆవిడ కొడుకు చెయ్యి వదల్లేదు. “ఒకసారి పోగొట్టుకున్నాను సార్. రెండోసారి పోగొట్టుకోలేను.”

ఆ మాటకి డాక్టరు కరిగిపోయాడు. మనిషిని గదిలో బంధించడం కంటే ప్రేమగా చూసుకునే చేతుల్లో పెట్టడమే న్యాయమని ఆయన తన విద్యార్థులకి ఏటా చెప్తుండేవాడు. ఫారం సొరుగులో పడేసి, అదే మందుకి మళ్ళీ చీటీ రాశాడు.

“ఇలాంటి అమ్మ అందరికీ దొరకదు. ఆవిడ మాట విను. మాత్ర వేసుకున్నాక ప్రతిసారీ నోరు తెరిచి చూపించు.”

“చూపిస్తాను డాక్టర్,” అన్నాడతను సిగ్గుతో చితికిపోతూ.

బస్సులో అమ్మ భుజం మీద తల వాల్చాడు.

“నిన్ను చాలా కష్టపెడుతున్నానమ్మా.”

“ఊరుకో నాన్నా,” అంటూ తల నిమిరింది.

ఇంటికి రాగానే అమ్మ వంటింట్లోకి వెళ్ళి, కొత్త మాత్రలన్నీ ఎప్పటిలాగే తూములో పారబోసి, ఆ సీసాలో విటమిన్ మాత్రలు నింపి, వచ్చి కొడుకు పక్కన కూర్చుని ఆశగా అడిగింది: “ఇవాళ చెల్లి నా గురించి ఏమైనా అడిగిందా, నాన్నా?”